మనిషి రాకపోతే నలభై

ఒకరు రైల్వేలో గ్యాంగుమన్‌గా చేరి, కీమన్‌గా నడిచి, మేస్త్రీగా రిటైరైన పెద్దాయన. ఇంకొకరు ఆయన మేనకోడలు, డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతుంది. కాలేజీ పత్రికకి ఈ ఏడు ‘మన మధ్య వీరులు’ అని ప్రత్యేక సంచిక వేస్తున్నారు. మొదటి వ్యాసం మావయ్య మీద రాయిద్దామని ఆవిడ వచ్చింది, ఆయన కాదన్నాడు. నిడదవోలులో ఆయన ఇంటి అరుగు మీద జరిగిన వాదం ఇది. నేను పక్కింటివాణ్ణి, వినడానికే కూర్చున్నాను. నోరు ఆపుకోలేకపోయిన చోట్ల నా మాటలు బ్రాకెట్లలో పెట్టాను.

మేనకోడలు: ఒక్క ఫొటో ఇవ్వు మావయ్యా, చాలు. మిగతాది మా పిల్లలు రాసుకుంటారు.

మావయ్య: దేనికమ్మా ఫొటో? నేనేమన్నా యుద్ధానికి వెళ్ళొచ్చానా?

మేనకోడలు: వీరుడంటే కత్తే పట్టాలా? మన ఆలంకారికులు యుద్ధవీరుడి పక్కనే దానవీరుణ్ణీ, దయావీరుణ్ణీ, ధర్మవీరుణ్ణీ కూర్చోబెట్టారు. మన గోదావరి పక్కనే చూడు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు ఏ కత్తి పట్టారు? ఏరు దాటి వచ్చినవాళ్ళకి వేళకాని వేళ లేచి అన్నం వండి పెట్టారు, ఓపికున్నన్నాళ్ళూ. ఇవాళ బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరు పెట్టుకున్నాం.

మావయ్య: ఆవిడది సొంత గింజ, సొంత ఇష్టం. నేను జీతం తీసుకున్నాను తల్లీ. చేసిన పనికి డబ్బు పుచ్చుకుని, పైన బిరుదు కూడానా?

మేనకోడలు: సైనికుడికి జీతం లేదా? పరమవీరచక్ర ఇచ్చేటప్పుడు జీతం రాళ్ళు లెక్కపెడుతున్నారా?

(పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. జీతం పుచ్చుకున్నవాడు వీరుడు కాడనే వాదం మన దగ్గర చాలామంది నోట వింటాను. అది ఈ ఒక్క ప్రశ్నకే కూలిపోతుంది.)

మావయ్య: సరే, జీతం మాట వదిలేద్దాం. నా అభ్యంతరం వేరే. ఒకణ్ణి వీరుడన్నామంటే వాడు చచ్చిపోయినా ఫర్వాలేదని మనలో మనం ముందే ఒప్పేసుకున్నట్టు. గ్యాంగుమన్ పనిలో ఉండగా బండి కొట్టి పోతే, ‘విధి నిర్వహణలో వీరమరణం’ అంటారు. దండ పడుతుంది. ఆ మాట పడ్డాక, అతనికి బండి వస్తున్న సంగతి ఎందుకు తెలియలేదని అడిగేవాడు ఉండడు. డబుల్ లైన్లో ఏమవుతుందో చెప్పనా? ఈ లైను మీద బండి వస్తోందని పక్క లైను మీదికి జరుగుతాడు. ఆ పక్క లైను మీదే అటునుంచి ఇంకోటి వస్తుంది. దీని చప్పుడులో దాని చప్పుడు వినపడదు. ఇందులో వీరత్వం ఎక్కడుంది? చేతిలో ఒక పరికరం ఉంటే ఆగేది.

మేనకోడలు: పరికరాలు వచ్చాయిగా ఇప్పుడు?

మావయ్య: వచ్చాయి. ‘రక్షక్’ అని ఒకటి, బండి స్టేషను వదలగానే చేతిలో మోగుతుంది. కొన్నిచోట్ల ఉంది, అన్నిచోట్లా లేదు. అనిల్ కాకోద్కర్ కమిటీ 2012లో రిపోర్టు ఇచ్చింది. రైల్వే భద్రత మీద వేసిన కమిటీ అది. పట్టాలు దాటుతూ ఏటా పదిహేను వేలమంది పోతున్నారని రాసింది. దాన్ని పేపర్లన్నీ వేశాయి. కొద్ది ఏళ్ళలోనే డ్యూటీలో ఉన్న రైల్వేవాళ్ళు వెయ్యిమందికి పైగా పోయారని కూడా అందులోనే ఉంది. అది ఎవరికి పట్టింది? అంతమందిని వీరులని పిలిస్తే ఆ లెక్క ఎవరో ఒకరు సరిచెయ్యాల్సిన తప్పులా కనపడదు, గర్వంగా కనపడుతుంది.

మేనకోడలు: పిలవకపోతే మాత్రం లెక్క సరైపోయిందా? ఆ రిపోర్టు వచ్చిన ఏడు ఎవరూ పిలవలేదు కదా, ఏం మారింది? పేరు లేనివాడి చావు లెక్కలోకి కూడా రాదు మావయ్యా. మన పల్లెల్లో వీరగల్లులు చూశావుగా, వీరుల పేర నిలబెట్టిన రాళ్ళు. రాయలసీమలో ఊళ్ళ పొలిమేరల్లో ఎన్నో. రాజులవే అనుకుంటారు అందరూ. చాలావాటి మీద ఉన్నది మామూలు మనిషి. ఊరి పశువుల్ని పగవాళ్ళు తోలుకుపోతుంటే అడ్డుపడి పోయినవాడు, పులితోనో పందితోనో పెనుగులాడి పోయినవాడు. వెయ్యేళ్ళ కిందటి ఊరివాళ్ళకున్న బుద్ధి మనకి లేదంటావా?

మావయ్య: ఆ రాళ్ళ మీద ఉన్నవాళ్ళంతా పోయినవాళ్ళేనా?

మేనకోడలు: పోయినవాళ్ళే. వాళ్ళకే నిలబెడతారు.

మావయ్య: పశువుల్ని క్షేమంగా ఇంటికి తోలుకొచ్చినవాడికి రాయేదీ? పగవాళ్ళు వచ్చే దారి ముందే పసిగట్టి, మందని ఇంకో దారిన తిప్పి, సాయంత్రానికి చావిట్లో కట్టేసి, గంజి తాగి పడుకున్నవాడికి? నాకు తెలిసినవాళ్ళంతా ఆ రకం.

(ఆవిడ దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. కారెంపూడిలో ఏటా కార్తీకంలో పల్నాటి వీరులకి ఉత్సవం జరుగుతుంది. ఆ యుద్ధం జరగకుండా ఆపాలని చూసినవాళ్ళకి జరిగే ఉత్సవం ఏదన్నా ఉందా అని నాకెప్పటినుంచో అనుమానం.)

మేనకోడలు: నా సంచిక వాళ్ళ గురించే! నువ్వు నా వాదమే నాకు అప్పజెబుతున్నావు. చెప్పు, కీమన్ రోజూ ఏం చేస్తాడు? మా పిల్లల్లో ఒక్కడికి తెలీదు. పాసింజర్లో కాలేజీకి వస్తారు సగంమంది.

మావయ్య: ఏముంది, నడుస్తాడు. ఆరు కిలోమీటర్ల దాకా బీటు. వెళ్ళేటప్పుడు ఒక పట్టా చూసుకుంటూ, వచ్చేటప్పుడు రెండోది. చేతిలో సుత్తి, స్పానరు. సంచిలో ఎర్రజెండాలు, పచ్చజెండా, డిటొనేటర్లు. వదులైన బిగింపు కనపడితే కొట్టి బిగిస్తాడు. వెల్డింగు దగ్గర వంగి చూస్తాడు. చలికాలం తెల్లవారుజామున పట్టా బిగుసుకుని ముడుచుకుపోవాలని చూస్తుంది, ముడుచుకోవడానికి చోటుండదు. పాత వెల్డింగులో లోపముంటే అక్కడ ఫట్టుమంటుంది. ఎండాకాలం సాగాలని చూస్తుంది, చోటు లేక పక్కకి వంకర తిరుగుతుంది. పూర్వం ముక్కకీ ముక్కకీ మధ్య సందులుండేవి, టకటకమని బండి చప్పుడు దానివల్లే వచ్చేది. ఇప్పుడు కిలోమీటర్ల పొడుగున అతికేశారు. ప్రయాణం మెత్తబడింది, కీమన్ కంటి మీద బరువు పెరిగింది.

మేనకోడలు: విరిగిన పట్టా కనపడితే?

మావయ్య: అక్కడ ఎర్రజెండా పాతి, బండి వచ్చే వైపు పరుగెత్తాలి. ఆరువందల మీటర్ల దగ్గర ఒక డిటొనేటరు, పన్నెండువందల మీటర్ల దగ్గర పదేసి మీటర్ల ఎడంతో మూడు, పట్టాకి బిగించాలి. ఇంజను చక్రం ఎక్కగానే పేలతాయి. డ్రైవరు బ్రేకు వేస్తాడు. మనం నలభై అయిదు మీటర్ల అవతల నిలబడాలి, రేకు ముక్క ఎగిరి తగలకుండా. ఇవాళ నూట ముప్ఫై స్పీడుతో బళ్ళు వెళ్ళే లైన్లున్నాయి. సెకనుకి ముప్ఫై ఆరు మీటర్లు. నువ్వు చెప్పులు సర్దుకునేలోపల రెండువందల మీటర్లు.

మేనకోడలు: కంకర మీద, నెత్తిన ఎండ, చేతిలో సుత్తి, పన్నెండువందల మీటర్లు పరుగు. ఇది వీరత్వం కాదని నువ్వే చెప్పాలి!

మావయ్య: అది డ్రిల్లు. నేర్పారు, చేశాం. మా గ్యాంగులో ఒకతను ఇలాగే పట్టా విరుగు పట్టుకుని బండి ఆపాడు. పేపర్లో ఫొటో వచ్చింది. ఆఫీసుకి పిలిచి సర్టిఫికెట్టూ, కవర్లో ఏదో డబ్బూ ఇచ్చారు. రెండు నెలలు తిరక్కుండా వాళ్ళమ్మకి ఆపరేషనంటే సెలవడిగాడు. గ్యాంగులో మనుషులు తక్కువున్నారని ఇవ్వలేదు. సర్టిఫికెట్టు చూపించి అడగరా అన్నాం, నవ్వుకున్నాం. వాడు నవ్వలేదు. నీ సంచికలో వాడి ఫొటో వేస్తావు. సెలవు సంగతి వెయ్యవు. వేస్తే వీరుడి బొమ్మకి మసి అంటుకుంటుంది కదా.

మేనకోడలు: వేస్తాను.

మావయ్య: మీ ప్రిన్సిపాలుగారు ఒప్పుకోరు.

మేనకోడలు: ఆ సంగతి నేను చూసుకుంటాను. నువ్వు అసలు విషయంలోంచి జారిపోకు.

మావయ్య: జారడం కాదు. మీ వీధిలో ఆశ వర్కరు అమ్మాయి ఉంది కదా. కరోనాలో ఇంటింటికీ తిరిగింది. 2020 మార్చి 22న సాయంత్రం అయిదింటికి మనందరం పళ్ళేలు వాయించాం ఆ అమ్మాయి లాంటివాళ్ళ కోసమే. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలో ఆశాలందరికీ కలిపి పెద్ద అవార్డు ఇచ్చింది, ప్రపంచ ఆరోగ్య నాయకులని. నాయకులు! కాగితం మీద ఆ అమ్మాయి ఈ రోజుకీ స్వచ్ఛంద కార్యకర్తే. ఆమెకి ఇచ్చేది జీతం కాదట, పారితోషికమట. వేతనం అడిగితే ధర్నాచౌక్‌లో కూర్చోవాలి. పొగడ్త ముందే ఇచ్చేశాం కదా, ఇంక డబ్బెందుకన్నట్టు లేదూ? కాటికాపరికి పూలదండ వేసి కూలి ఎగ్గొట్టడం అది.

(ఆయన గొంతు పెరిగింది. మంచంలో ఉన్న వాళ్ళావిడ లోపల్నుంచి ‘నెమ్మది’ అంది. నా ఓటు ఇక్కడి దాకా పెద్దాయనకే.)

మేనకోడలు: పొగడ్త కూలికి బదులు రాకూడదు, ఒప్పుకుంటాను. కానీ ఆ ధర్నాలో కూర్చునే ధైర్యం ఎక్కడినుంచి వచ్చింది? తాము చేసేది చిన్న పని కాదని వాళ్ళకి తెలిసిన రోజున వచ్చింది. దూబగుంట గుర్తుందా? తొంభైల మొదట్లో, నెల్లూరు జిల్లా. రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు. పగలంతా కూలి, రాత్రి సారా తాగొచ్చిన మొగుడి దెబ్బలు. రోసమ్మ, ఆమె పక్కవాళ్ళు పాఠంలో తమ బతుకే చదువుకుని, లేచి సారా దుకాణం మూయించారు. ఊరి నుంచి ఊరికి, జిల్లా నుంచి జిల్లాకి పాకింది. పాటదార్లు వేలంపాటకి రాలేని పరిస్థితి తెచ్చారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం. వాళ్ళని ఎవరైనా వీరులన్నారా ముందు? వాళ్ళకి వాళ్ళే అనుకున్నారు.

మావయ్య: 1995లో మొత్తం మద్యం మీద నిషేధం పెట్టారు. 1997లో ఎత్తేశారు. ఆడవాళ్ళ వీరత్వం రెండేళ్ళకి ఖజానా ముందు చాల్లేదు.

మేనకోడలు: మద్యం మీద ఎత్తేశారు, సారా మీద నిషేధం తియ్యలేదు. వాళ్ళు అడిగిందీ మొదట సారా మీదే. నీకు నచ్చిన సగమే చెప్పకు.

మావయ్య: అది నిజమే. అయినా చూడు, వాళ్ళు గెలిచింది జీవో వచ్చింది కాబట్టి. వీరత్వం వల్ల జీవో వస్తే మంచిదే. జీవోకి బదులు వీరత్వం పెడితేనే నాకు ఒళ్ళు మండుతుంది. వలిగొండ సంగతి చెబుతా విను. 2005 అక్టోబరు 29, తెల్లారకముందే. డెల్టా పాసింజరు రేపల్లె నుంచి సికింద్రాబాదు వెళ్తోంది. పైన చెరువు తెగి, వరద వచ్చి చిన్న వంతెన కొట్టుకుపోయింది. బోగీలు అందులోకి వెళ్ళాయి. నూట పదిమందికి పైగా పోయారు. ఆ సాయంత్రమే ఢిల్లీలో బాంబులు పేలాయి, దేశమంతా అటు తిరిగిపోయింది. మేం మాత్రం ఆ వారమంతా నిద్రపోలేదు. ఆ రాత్రి అక్కడ ఒక మొనగాడు ఉండి ఎర్రదీపం ఊపి ఉంటే అని అందరూ అన్నారు. నేను అదనను. ఎగువన ఏ చెరువుకి ఏ గట్టు బలహీనంగా ఉందో రైల్వేకీ ఇరిగేషన్‌కీ ముందే తెలియాలి. ఆ జాబితా ఉంటుంది, రెండు శాఖలూ కలిసి వానలకి ముందు తనిఖీ చెయ్యాలి. ఆ పని జరిగితే మొనగాడి అవసరం పడదు.

మేనకోడలు: 1956లోనూ అంతే కదా. జడ్చర్ల, మహబూబ్‌నగర్ మధ్య వంతెన పోయి నూరుమందికి పైగా చనిపోయారు. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తే నెహ్రూ తీసుకోలేదు. మూడు నెలలు తిరక్కుండా అరియలూరు ప్రమాదం జరిగాక తీసుకున్నారు. ఆ రాజీనామా మా పాఠ్యపుస్తకాల్లో ఉంది. ఆ తర్వాత ఇన్నేళ్ళు ప్రతి వానాకాలం వంతెనల దగ్గర నీళ్ళ మట్టం చూస్తూ కూర్చున్నవాళ్ళు ఒక్క వాక్యంలో లేరు. నా గొడవ అదే! పదవి వదులుకున్నవాడికి పేరు. పని వదలనివాడికి ఏదీ?

మావయ్య: వానాకాలం పెట్రోలింగు... అది అసలు పని. అది చెప్పమంటే చెబుతాను.

మేనకోడలు: చెప్పు.

మావయ్య: రాత్రి. ఇటునుంచి ఒకడు బయల్దేరతాడు, అటునుంచి ఇంకొకడు. మధ్యలో కలుసుకుంటారు, పుస్తకాలు మార్చుకుంటారు. వీడి పుస్తకం వాడు, వాడి పుస్తకం వీడు. స్టేషన్లో మాస్టరు సంతకం పెడతాడు. మార్చుకున్న పుస్తకమే వీడు నడిచాడనడానికి సాక్ష్యం. ఇప్పుడు జీపీఎస్ పెట్టె కూడా ఇస్తున్నారు. ఒక రాత్రికి ఇరవై కిలోమీటర్లు మించి నడిపించకూడదని రూలు. వాన, చీకటి, పాములు. లైటు వెలుతుర్లో కంకర కింద కట్ట జారిందా, కల్వర్టు నోట్లో నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయి, చెట్టు పడిందా. ఏమీ ఉండదు. తొంభైతొమ్మిది రాత్రులు ఏమీ ఉండదు. ఏమీ లేనిదాన్ని అంత శ్రద్ధగా చూడటమే కష్టం. ఉన్నదాన్ని ఎవడైనా చూస్తాడు.

మేనకోడలు: ఒక మనిషి రాలేదనుకో. జ్వరం వచ్చి పడిపోయాడు, వాగు దాటలేకపోయాడు. అప్పుడు?

మావయ్య: టైమ్ కంటే పదిహేను నిమిషాలు చూస్తాడు స్టేషన్ మాస్టరు. అప్పటికీ రాకపోతే ఆ ముక్కలోకి వెళ్ళే ప్రతి బండినీ ఆపి కాషన్ ఆర్డరు ఇవ్వాలి. జాగ్రత్తగా చూసుకుంటూ, స్పీడు నలభై దాటకుండా వెళ్ళమని. మనిషి వచ్చి లైను బాగుందనేదాకా అంతే. ఎక్స్‌ప్రెస్సయినా నలభయ్యే.

మేనకోడలు: మావయ్యా, ఇప్పుడు నువ్వేమన్నావో చూసుకున్నావా?

మావయ్య: రూలు చెప్పాను.

మేనకోడలు: మనిషి రాకపోతే నలభై. అంటే వచ్చిన రాత్రుల్లో ఆ పైన ఉన్న వేగమంతా ఎవరిది? ఇంజనుదా? ఇంజను ఉంది, పట్టా ఉంది, సిగ్నలుంది, అయినా నలభయ్యే అంటోంది మీ రూలు. నూట పదికి పరుగెడుతోందంటే ఆ డెబ్భై ఒకడు తడుచుకుంటూ నడిచి ఇచ్చాడు. పై బెర్తులో దుప్పటి కప్పుకున్నవాడు ఆ మేరకి ముందు ఇంటికి చేరాడు. ఎవరిచ్చిన టైమో వాడికి తెలీదు. దీన్ని నేనంటున్నాను వీరత్వమని. పరుగెత్తి జెండా ఊపినదాన్ని కాదు. అది నువ్వన్నట్టు డ్రిల్లే అనుకో.

(ఇక్కడ నా ఓటు మారింది. పెద్దాయన రూల్స్ అన్నీ ఆ రూల్ బుక్కు భాషలోనే చెబుతూ వచ్చాడు. మనిషి నడకకి ఎంత విలువో ఆ పుస్తకమే అంకె వేసి పెట్టిందని ఆయనకీ తట్టినట్టు లేదు.)

మావయ్య: ఊఁ.

మేనకోడలు: ఊఁ అంటే?

మావయ్య: ఆ మాట బాగుంది. కానీ ఎవడూ దాన్ని ఇవ్వాలని నడవలేదమ్మా. ఉద్యోగం పోతుందని నడిచాం, పుస్తకం మార్చుకోవాలి కాబట్టి నడిచాం. కొందరు మధ్య గుమ్టీలో కునుకు తీసి సంతకాలు పెట్టిన రోజులూ ఉన్నాయి. ఆ మాట కూడా నీ సంచికలో వెయ్యి. అందరినీ కలిపి దేవుళ్ళని చెయ్యకు.

మేనకోడలు: కునుకు తియ్యడానికి వీలుండి తియ్యనివాడు ఉన్నాడా లేదా?

మావయ్య: ఉన్నాడు. ఎక్కువమంది వాళ్ళే.

మేనకోడలు: వాణ్ణి ఎవరు చూస్తున్నారు?

మావయ్య: ఎవరూ. జీపీఎస్ రాకముందు సంగతి కదా. వాగులో నీళ్ళు, వాడు.

మేనకోడలు: చాలు. నా వ్యాసం అదే.

మావయ్య: చాలదు. రాస్తే నా షరతులున్నాయి. ఒకటి, నా ఫొటో వద్దు. నేను ఇప్పుడు పెన్షన్ తింటూ కూర్చున్నాను. ఇవాళ డ్యూటీలో ఉన్నవాళ్ళ గురించి రాయండి. ఇప్పుడు ఆడపిల్లలు వచ్చారు ట్రాక్ మీదికి. డిగ్రీలు చదివినవాళ్ళు, తండ్రి పోతే ఆ ఉద్యోగంలోకి వచ్చినవాళ్ళు. పొద్దుటినుంచీ సెక్షన్లో ఉంటారు. చుట్టూ పొలాలు. బాత్‌రూమ్ అంటూ ఒకటుండదు. నీళ్ళు తాగడం మానేస్తున్నారు. వాళ్ళని ‘నారీశక్తి’ అని ఫొటో వేసి వదిలేస్తే నేను ఊరుకోను. బాత్‌రూమ్ సంగతి మొదటి పేరాలో ఉండాలి.

మేనకోడలు: మొదటి పేరాలోనే. ఇంకా?

మావయ్య: ఆ పదిహేను నిమిషాల రూలు, నలభై సంగతి, పెద్దక్షరాల్లో వెయ్యండి. పాసింజర్లో వచ్చే పిల్లలకి తెలియాలి.

మేనకోడలు: శీర్షిక మాత్రం మార్చను. ‘మన మధ్య వీరులు’.

మావయ్య: మార్చకపోతే మానె. సెలవు దొరకనివాడి కథ దాని కిందే అచ్చవ్వాలి, పక్క పేజీలో కాదు.

మేనకోడలు: సరే. వచ్చే శనివారం పిల్లల్ని తీసుకొస్తాను. పదిమందిని. నువ్వు తీసుకెళ్ళి బీటు మొత్తం నడిపించు, వాళ్ళకి కాళ్ళతో తెలియాలి.

మావయ్య: పట్టాల మీదా? నీకు మతి ఉందా? రైల్వే చట్టం సెక్షను 147. అనుమతి లేకుండా లైను మీదికి వస్తే కేసు. ముప్ఫై ఎనిమిదేళ్ళు పనిచేసి ఇప్పుడు పిల్లకాయల్ని వెంటేసుకుని నేనే ట్రెస్‌పాసింగ్ చెయ్యనా? లెవెల్ క్రాసింగు గేటుకి ఇవతల టీకొట్టు ఉంది. గ్యాంగు డ్యూటీ దిగాక అక్కడికి రమ్మంటాను, వాళ్ళే చెబుతారు. నువ్వూ రా, ఆ అమ్మాయిలు మగపిల్లల ముందు అన్నీ చెప్పరు. టీ డబ్బులు మీ కాలేజీవి.

మేనకోడలు: మా కాలేజీ ఇవ్వదు మావయ్యా, నేనిస్తాను.

మావయ్య: సమోసాలు కూడా చెప్పు. పొద్దున ఆరింటికి తిని బయల్దేరినవాళ్ళు.